ఊకొడుతూ నడిచిన దర్జీ

దర్జీకి మాటలు రాక కాదు, నోట్లో ఎప్పుడూ గుండుసూదులు. మూడో అంతస్తులోని కొట్లో ముప్ఫై ఏళ్ళుగా పెదాల మధ్య సూదులు పెట్టుకునే బట్టలు కుట్టాడు. ఆ మౌనం ఇంటికీ అలవాటైంది. భార్య ఏం చెప్పినా జవాబు ఒక్కటే: ఊఁ.

ఈమధ్య రెండో అంతస్తుకే ఆయాసంతో కూలబడుతున్నాడు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది. "రోజూ అరగంట నడవండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ వేగం. మూడు నెలల్లో మెట్లెక్కలేకపోతే కింద ఎక్కడైనా కొట్టు చూసుకోండి."

కొట్టు మారడమంటే దర్జీకి ప్రాణం పోయినంత పని. కత్తిరింపు బల్ల మీద పడే ఆ కిటికీ వెలుతురు ఇంకెక్కడ దొరుకుతుంది?

మర్నాటి నుంచి మైదానం చుట్టూ పరుగులాంటి నడక మొదలెట్టాడు. భార్య ఇంటింటికీ ఉత్తరాలు పంచే మనిషి, నడక ఆవిడకు మంచినీళ్ళ ప్రాయం. పక్కనే నడుస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది.

"మాట్లాడగలుగుతున్నారు కదా?"

"ఊఁ."

ఇద్దరూ తెగ సంతోషించారు. బుద్ధిమంతులు మరి! వారం తిరక్కుండానే దర్జీ ముఖం పాలిపోయి, గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

డాక్టరమ్మ సంగతంతా విని తల పట్టుకుంది. "ఊపిరాడకపోయినా ఊఁ అనొచ్చమ్మా. ఆయన చేత వాక్యాలు చెప్పించు. మరీ నెమ్మదైతే లాభం లేదు, ఇలా పరిగెత్తితే ప్రమాదం."

అప్పట్నుంచి భార్య, ఊకొట్టి తప్పించుకోలేని ప్రశ్నలు వెతకసాగింది.

"చిన్నప్పుడు మీకు ఎవరంటే భయం?"

దర్జీ పదడుగులు ఆలోచించాడు. "మా నాన్నంటే. ఆయన కత్తెర చప్పుడు వింటే మంచం కింద దూరేవాణ్ణి."

వాక్యం మధ్యలో తెగితే "నెమ్మది" అనేది. కూనిరాగం తీస్తే "కాస్త జోరుగా" అనేది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో వినని మాటలు రోజుకో నాలుగు విన్నది. ముచ్చటా వేసింది, ఇన్నాళ్ళూ అడగనందుకు తన మీద తనకే కోపమూ వచ్చింది.

మూడు నెలలకు దర్జీ ఎక్కడా ఆగకుండా మూడంతస్తులూ ఎక్కి, మిషను మీద దుమ్ము దులిపాడు. మర్నాడు తెల్లారేసరికి బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మెట్లెక్కేశారుగా, ఈ ఒక్క పూటైనా పడుకోండి" అంది భార్య.

"మా అమ్మ పోయిన రోజు సంగతి నిన్న సగంలో ఆగిపోయింది. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ చెప్పులు వేసుకుంది.