పరీక్షలో మాత్రం నిజం చెప్పిన కాటా

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, కొత్త పత్తి రావడం మొదలైన కార్తీక మాసంలో మా సంస్థ నన్ను ఆదోనికి పంపింది. మాది తూకం యంత్రాలు తయారుచేసే సంస్థ. అందులో నేను డ్రైవర్ల విభాగానికి అధిపతిని. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటే లోపలి భాగాన్ని కెర్నల్ అంటారు. కెర్నల్‌లో ఉంటూ బయటి పరికరంతో మాట్లాడే కోడే డ్రైవర్. మా డ్రైవర్ మాట్లాడేది లోడ్ సెల్‌తో. కాటా కింద అమర్చిన ఆ పరికరం బరువును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది.

ఫిర్యాదు అక్కడ పత్తిలోంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చింది. ఎమ్మిగనూరు పక్క పల్లె రైతు ఈరన్న, పత్తి ట్రాలీని దారిలో ఎమ్మిగనూరులో ఒకసారి తూకం వేయించాడు. మిల్లుకు వచ్చేసరికి అదే ట్రాలీ మూడు క్వింటాళ్లు తగ్గింది. ఈరన్న వెళ్లి, కాటా నడిపే మహబూబ్ అనే కుర్రాడి చొక్కా పట్టుకున్నాడు. తక్కిన రైతులు గేటుకు అడ్డంగా బండ్లు నిలిపారు. యజమాని మహబూబ్‌ను పనిలోంచి తీసేసి, పోలీసు కేసు పెట్టడానికి నా నివేదిక కోసం కాచుకుని ఉన్నాడు.

నిజం చెప్పాలంటే, నా అనుమానం కూడా మొదట మహబూబ్ మీదే. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలాసార్లు మనిషి చెయ్యే కనిపిస్తుంది.

పద్ధతి ప్రకారం యంత్రాన్ని ఆన్ చేసి, బాగా వేడెక్కనిచ్చి, ఖాళీ కాటా సున్నా చూపుతోందో లేదో చూసి, ఆ తర్వాత ప్రామాణిక తూకం రాళ్లు పెట్టించాను. అన్ని మూలల్లోనూ బరువు సరిగ్గా వచ్చింది. అంతకుముందు అధికారులు చేసిన తనిఖీలోనూ ఇలాగే వచ్చిందట.

రాళ్లు దించుతుంటే ఈరన్న దగ్గరికి వచ్చాడు.

"మీరు రాళ్లు పెడితే నిజం సెప్తాది, మేము పత్తి పెడితే అబద్ధమాడ్తాది. ఎవురొచ్చినారో దానికి తెలుస్తాదేమో, సూడండమ్మా" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పరీక్ష జరుగుతోందని కనిపెట్టి ఆ కాసేపు మాత్రం బుద్ధిగా ఉండే కోడ్ రాయడం కష్టమేమీ కాదు. మా కోడ్‌లో అలాంటిది ఎవరైనా పెట్టారా?

యజమాని గదిలో కూర్చుని డ్రైవర్ కోడ్ మొదటి నుంచి చదివాను. అనుమానించినట్టే ఆ ప్రశ్న అందులో ఉంది: ఇప్పుడు పరీక్ష నడుస్తోందా? నడుస్తుంటే లోడ్ సెల్‌ను అడగకుండా, ముందే రాసిపెట్టిన అంకెను ఇచ్చెయ్యాలి. మా విభాగంలో ఈ కోడ్‌ను ముట్టుకున్న ఒక్కొక్కరి ముఖమూ గుర్తుకొచ్చింది. వీళ్లలో మిల్లువాళ్లతో చేతులు కలిపినది ఎవరు?

రెండోసారి నిదానంగా చదివితే సంగతి వేరని తేలింది. ఆ ప్రశ్న మోసం కోసం రాసింది కాదు. మా ప్రయోగశాలలో కాటా ఉండదు కాబట్టి, డ్రైవర్‌ను పరీక్షించే చిన్న ప్రోగ్రాములకు లోడ్ సెల్ బదులు ఒక దొంగ అంకె ఇవ్వాలి. అక్కడి వరకు న్యాయమే. కానీ ఆ పరీక్షలను తీసెయ్యకుండానే యంత్రాన్ని అమ్మేశారు. కరెంటు వచ్చి యంత్రం మొదలైన ప్రతిసారీ అవి వెనకాల కొన్ని నిమిషాలు నడిచేవి. అవి నడిచేంతసేపూ, పరీక్ష నడుస్తోందని చెప్పే గుర్తు, మా భాషలో జెండా, యంత్రం మొత్తానికి ఒకటే లేచి ఉండేది. ఆ సమయంలో ఎవరు బరువు అడిగినా, పరీక్ష ప్రోగ్రామైనా పత్తి రైతైనా, దొరికేది ఆ దొంగ అంకే.

తనిఖీకి వచ్చినవాళ్లమంతా యంత్రం వేడెక్కేదాకా ఆగుతాం. అప్పటికి జెండా దిగిపోయి ఉంటుంది.

మా మేనేజరుకు ఫోన్ చేశాను. విద్యుత్ హెచ్చుతగ్గులని రాసి, యంత్రం మార్చి వచ్చెయ్యమన్నాడు. అలా రాస్తే మహబూబ్ మీద అనుమానం అలాగే ఉండిపోతుందన్నాను. అది మిల్లువాళ్ల విషయమని ఫోన్ పెట్టేశాడు.

మహబూబ్‌ను పిలిపించమని యజమానిని అడిగాను. అయిష్టంగానే కబురు పంపాడు. వచ్చినతను నాకు దూరంగా నిలబడ్డాడు.

"కరెంటు పోయి వస్తే ఏం చేస్తావు?" అని అడిగాను.

"బ్యాటరీ సచ్చిపోయి శానా దినాలాయ మేడమ్. కరెంటు వస్తానే ఆన్ సేసి, లైన్‌లో ముందుండే బండిని ఎక్కిస్తా. ఆగితే రైతులు ఊరుకోరు కదా."

కాటా మీద ఏమీ ఉంచవద్దని చెప్పి, యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయించాను. తెర మీద గీతలు వచ్చాయి. ఈ యంత్రంలో మీట నొక్కితేనే బరువు కనిపిస్తుంది. ఈరన్నను, యజమానిని పక్కన నిలబెట్టి, నొక్కమని మహబూబ్‌కు చెప్పాను.

ఖాళీ కాటా మీద నిండు ట్రాలీ బరువు కనిపించింది. ఈరన్నకు ఆ రోజు పడిన అంకె అదే.

మహబూబ్ కాటా అంచున కూలబడ్డాడు. "నేనే యాడన్నా తప్పు నొక్కినానేమో అనుకుంటా ఉండినా. రాత్రిళ్లు నిద్ర లేదు" అన్నాడు.

"అయితే శానామందికి ఇట్లే పడిండాల. ఎక్కువ పడినోడు ఒగడన్నా నోరు తెరిసినాడా?" అన్నాడు ఈరన్న, వెనక నిలబడ్డ రైతుల వైపు చూస్తూ. ఇద్దరు ముగ్గురు మెల్లగా బండ్ల దగ్గరికి జరిగారు.

నివేదికలో జరిగింది జరిగినట్టే రాశాను. మేనేజరు చాలా రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. అమ్మిన యంత్రాలన్నిటిలోనూ పరీక్షలు తీయించాం. కోడ్‌లో ప్రశ్నను కూడా మార్చాం. యంత్రంలో ఎక్కడైనా పరీక్ష నడుస్తోందా అని కాక, ఇప్పుడు బరువు అడుగుతున్న ఈ ప్రోగ్రాము పరీక్షదేనా అని డ్రైవర్ చూసుకునేలా. కెర్నల్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాముకూ విడివిడిగా గుర్తు పెట్టుకునే వీలుంది. మొదట రాసినవాళ్లు దాన్ని వాడుకోలేదు, అంతే.

యజమాని ఈరన్నకు తేడా సరిచేశాడు. మహబూబ్‌ను మళ్లీ పనిలోకి రమ్మన్నాడు, కానీ అతను రాలేదు. ఆలూరు వైపు మరో మిల్లులో చేరాడని తర్వాత విన్నాను.

కోడ్ తాను పరీక్షలో ఉన్నానా అని అడగడం తప్పు కాదు. బరువు అడుగుతున్నది పరీక్షో రైతో చూడకుండా జవాబివ్వడం తప్పు. ఇక తనిఖీ చేసేవాళ్ల మాటకొస్తే, యంత్రానికి సిద్ధమయ్యే వ్యవధి ఇచ్చి చేసే పరీక్షలో తేలేది ఆ యంత్రం పరీక్షలో ఎలా ఉంటుందన్నది మాత్రమే. పనిలో ఎలా ఉంటుందో తెలియాలంటే, లైన్‌లో నిలబడ్డ రైతుకు అది ఎలా అందుతుందో అలాగే మనమూ దాన్ని వాడి చూడాలి.