ముక్కు దిబ్బడ, ముప్పై ఆరు మెట్లు

ఎనిమిదో నెల పడిన వారానికే నా ముక్కు పనిచేయడం మానేసింది. జలుబు లేదు, జ్వరం లేదు. ఊరికే రెండు వైపులా దిబ్బడేసుకుపోయింది. నోటితో గాలి పీలుస్తూ, ఎండిన పెదాలు తడుపుకుంటూ ఉదయాన్నే మా దీవిలో బాంబూఫ్లాట్‌ రేవున ఫెర్రీ ఎక్కేదాన్ని. అవతలి ఒడ్డున చాతంలో దిగి బస్సు దాకా నడిచేసరికే ఆయాసం. అక్కడి నుంచి స్కూలు. మూడో తరగతి టీచర్ని. నా తరగతి రెండో అంతస్తులో. ముప్పై ఆరు మెట్లు.

ప్రసూతి సెలవంతా బిడ్డ పుట్టాక వాడుకుందామని దాచుకున్నాను. అది నా నిర్ణయం, ఎవరినీ అనను. కానీ కింద ఒక గది ఉంది. అందులో పిల్లలు లేరు. విరిగిన బెంచీలు నాలుగూ, మా హెడ్మాస్టరుగారి స్కూటరూ ఉండేవి. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని ఆయన దాన్ని రోజూ లోపల పెట్టి తాళం వేయించేవారు.

"సార్, ఒక నెలన్నర పాటు ఆ గది ఇప్పించండి. మెట్లెక్కితే ఊపిరాడట్లేదు" అన్నాను.

ఆయన ఫైల్లోంచి తలెత్తలేదు. "అరే మేడమ్, ప్రెగ్నెన్సీ బీమారీ థోడీ హై? జబ్బేం కాదు కదా! మా ఇంట్లో ముగ్గురు పిల్లలు. మా ఆవిడ ఒక్క రోజు కూడా ముక్కు గురించి మాట్లాడలేదు."

మాట్లాడే ఉంటుంది. ఈయన విని ఉండడు. భార్య మూడు పురుళ్లనూ తన సర్వీసు రికార్డులో రాసుకున్న మనిషితో ఇంకేం వాదిస్తాం?

ఇంట్లో ఇంకో పండితురాలు. పురుడు పోయడానికని మా వదిన, అంటే మా ఆయన అక్క, వైజాగ్‌లో ఓడెక్కి దారంతా వాంతులు చేసుకుంటూ వచ్చింది. దిగిన గంటకే నా ముక్కు మీద తీర్పు చెప్పేసింది.

"ఒలే, ముక్కు మూసుకుపోనాదంటే ఆడపిల్లే. నీల్లు తగ్గించెయ్. తాగిన నీల్లన్నీ ముక్కులోకి ఎక్కిపోతన్నాయి."

మా ఆయన అన్నం కలుపుకుంటూ, "అక్క చెప్పిందాంట్లో కూడా పాయింటుంది" అన్నాడు. ఆయనకు ఎవరు చెప్పిందాంట్లోనైనా పాయింటు కనిపిస్తుంది, చివరగా మాట్లాడింది వాళ్లయితే చాలు. మర్నాడు మందుల షాపులో అడిగి ముక్కులో వేసుకునే చుక్కల సీసా ఒకటి తెచ్చాడు. వేసుకుంటే గంటసేపు హాయిగా ఉండేది, ఆ తర్వాత మునుపటికంటే గట్టిగా మూసుకుపోయేది. మళ్లీ చుక్కలు వేసుకునేదాన్ని. బీఎడ్ చదివినదాన్ని, పిల్లలకు ఊపిరితిత్తుల పాఠం బొమ్మ గీసి చెప్పేదాన్ని, వదిన మాట విని నాలుగు రోజులు నీళ్లు కూడా తగ్గించాను. వాళ్లందరికంటే ఎక్కువ తిట్టుకోవలసింది నన్నే.

ఐదో రోజు ప్రేయరయ్యాక పిల్లల వరసకు ముందు నడుస్తూ మెట్ల మధ్యలో కూలబడ్డాను. కళ్ల ముందు చీకటి కమ్మింది. వెనక పిల్లలందరూ ఆగిపోయారు. కింది నుంచి హెడ్మాస్టరుగారి గొంతు వినిపించింది. "మేడమ్, రస్తా మత్ రోకియే! దారిచ్చి పిల్లల్ని పంపించండి!"

మా స్కూలు ఆయా ఒక్కతే వచ్చి నన్ను పట్టుకుంది. ఎవరినీ అడగకుండా ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి నర్సు దీదీ రాంచీ వాళ్లమ్మాయి. వేలికి క్లిప్పు పెట్టింది, బీపీ చూసింది, రక్తం తీసింది. డాక్టరమ్మ వీపు మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. రక్తమే తక్కువగా ఉంది.

"నాక్ తో సూజ్ జాతీ హై దీదీ, ఈ టైమ్‌లో చాలామందికి ముక్కు లోపల వాస్తుంది. బచ్చా పుట్టాక తగ్గిపోతుంది" అంటూ నర్సు నా సంచిలోని చుక్కల సీసా తీసి చెత్తబుట్టలో వేసింది. "పానీ కమ్ కర్నే కో కిస్నే బోలా?"

నీళ్లు తగ్గించమని ఎవరు చెప్పారో చెప్పడానికి నాకు సిగ్గేసింది.

ఉప్పునీటి చుక్కలు, ఐరన్ మాత్రలు రాసిచ్చారు. తల కింద ఎత్తు పెట్టుకుని ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నారు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, గుండెలో నొప్పి వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. మెట్లు ఎక్కకూడదని డాక్టరమ్మ చీటీ కూడా రాసిచ్చింది.

ఆ చీటీని హెడ్మాస్టరుగారు చదవకుండానే పేపర్‌వెయిట్ కింద పెట్టారు. "దేఖ్తే హై, చూద్దాం" అన్నారు.

నేను చూస్తూ కూర్చోలేదు. ఆయన మీటింగుకు వెళ్లగానే ఆయా తాళం తీసింది. ఆమే, ఇంకో ఇద్దరు టీచర్లూ కలిసి స్కూటర్ని బయటికి తోశారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. వాన పడుతోంది. మూడో తరగతి కిందికి దిగింది.

"మేడమ్, పెట్రోలు వాసన!" అని పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నాకేం తెలుస్తుంది? ఆ గదిలో హాయిగా పాఠం చెప్పగలిగింది నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు. "మేడమ్! ఏంటిది? నా గాడీ తడిసిపోతోంది!" మనిషికి నిజంగానే ఊపిరి అందడం లేదు.

"తడిస్తే తుడుచుకోవచ్చు సార్. నేను మెట్ల మీంచి పడితే ఎవరు లేపుతారు?"

మెమో ఇస్తానన్నారు, ఇచ్చారు. డాక్టరు చీటీ నకలు జతచేసి ఒక్క వాక్యంలో జవాబు రాశాను. దాన్ని పై ఆఫీసుకు పంపే ధైర్యం ఆయనకు లేదు. నాలుగు వారాలు నేను కిందే పాఠాలు చెప్పాను. ఆయాసం పూర్తిగా పోలేదు కానీ కూర్చుంటే తగ్గేది. ముక్కు మాత్రం చివరి దాకా మూసుకునే ఉంది.

మగపిల్లాడు పుట్టాడు. "నానెప్పుడన్నాను ఆడపిల్లని?" అంది వదిన, వాణ్ని ఒళ్లోకి తీసుకుంటూ. మూడో రోజు పొద్దున్న పాలిస్తుంటే ముక్కులో ఏదో విడిపోయినట్టయి, గాలి గొంతు దాకా చల్లగా దిగింది. వాడి తల వాసన అప్పుడే మొదటిసారి తెలిసింది. నోరు మూసుకుని అలా ఊపిరి పీలుస్తూ ఎంతసేపు కూర్చున్నానో!

ఆ సాయంత్రం హెడ్మాస్టరుగారు యాపిల్ పళ్లతో చూడ్డానికి వచ్చారు. వార్డులో అందరికీ వినబడేలా, "మేడమ్‌కి కష్టమవుతుందని నేనే కింద రూమ్ అరేంజ్ చేయించాను" అని మా ఆయనతో చెప్పారు. మా ఆయన చేతులు జోడించి థాంక్స్ చెప్పాడు. నేను గోడవైపు తిరిగి పిల్లాడికి పాలిచ్చుకున్నాను. ఆ పళ్లు మా ఆయాకు పంపించేశాను.