నీళ్ళ కూత

ఆ మిట్టమధ్యాహ్నం సాంగారాం గొంతులోంచి ఆ కూత అలవాటు కొద్దీ జారిందా, తెలిసే పెట్టాడా? ఇప్పటికీ తేల్చి చెప్పడం కష్టం. పక్కనే ఉన్న మెహర్దీన్ కూడా ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా చెబుతాడు.

సాంగారాం రైకా జైసల్మేరుకు పడమట, ఒంటెలు కాసే ఇంట్లో పుట్టాడు. ఎండాకాలం అక్కడ ఒంటెల్ని కట్టెయ్యరు, వదిలేస్తారు. దొరికిన ముళ్ళచెట్టల్లా మేస్తూ తిరిగి, దాహమేసినప్పుడు వాటంతటవే ఊరి బావికి వస్తాయి. బావి దగ్గరున్నవాడు తోడి పోస్తాడు. ఎవరివని అడగడు. నీళ్ళకొచ్చిన జీవాన్ని తోలెయ్యడమంత పాపం ఆ ఇసుకలో ఇంకోటి లేదు. తొట్టి నిండాక గొంతు లోపలి నుంచి సన్నగా, సాగదీసి కూత పెడతారు. ఒక్కో కాపరిది ఒక్కో కూత. నీళ్ళు లేకుండా మాత్రం ఎవరూ ఆ కూత పెట్టరు.

మేత బీడంతా సోలారు పలకలు పరిచేశాక చుట్టూ ముళ్ళకంచె లేచింది. ఊరూ బావీ కంచెకు తూర్పున ఉండిపోయాయి, ఒంటెలు పడమట. చుట్టు తిప్పి తేవాలంటే ఒక పగలు చాలదు. అరిగిన మోకాళ్ళతో సాంగారాం కొన్నాళ్ళు తిప్పాడు. ఇక తన వల్ల కాక, అక్కడే పడమటి గేటుకు కాపలా చేరాడు. గేటు దగ్గరుంటే ఎప్పుడో ఒకప్పుడు తియ్యొచ్చనుకున్నాడు. తియ్యకపోవడమే ఉద్యోగమని చేరాక తెలిసింది.

తోటి కాపలాదారు మెహర్దీన్ పక్క ఊరివాడు. మొదటిరోజే వేళాకోళం మొదలుపెట్టాడు.

"టోపీ ఇస్తే తలపాగా మీద పెట్టావేంటి కాకా? గుమ్మటం మీద పావురం వాలినట్టుంది."

"తలపాగా తీస్తే లోపల ఏం లేదురా, ఎండ నేరుగా దిగుతుంది."

"ఉన్న కాస్త బుర్రా ఉడికిపోతుందంటావు."

"నీకా భయం లేదులే."

ఆ జ్యేష్ఠమాసంలో వడగాలి ఆగలేదు. పలకల మీద దుమ్ము కడగడానికి ట్యాంకర్లు వస్తూ పోతూనే ఉన్నాయి. ఒక పొద్దున్న మంద కంచె అవతలికి వచ్చి నిలబడింది. ముందు ఢేల్, అంటే ఆడనెమలి. మెడ ఎత్తి నడిచే ఆ ముసలి ఒంటెకు సాంగారాం భార్య పెట్టిన పేరు. మందలో అన్నిటి మూపురాలూ ఒరిగిపోయాయి. సాంగారాం సూపర్‌వైజర్ పురోహిత్ దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్కసారి గేటు తీయించండి సార్. రోడ్డు మీంచే దాటించి, ట్యాంకర్లకు తెరిచే ఉంచే తూర్పు గేటులోంచి బావికి తోలుకుపోతా."

"పైనుంచి ఆర్డరు రావాలి సాంగాజీ."

"ఇక్కడ పైనుంచి వచ్చేది ఎండొక్కటే సార్."

పురోహిత్ నవ్వాడు. అయినా ఫోన్ చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి కూడా మంద కదల్లేదు. సాంగారాం రేకు నీడలో కూర్చుని బాజ్రా రొట్టె తుంచాడు, నోట్లో పెట్టుకోలేదు. కళ్ళు మూతలు పడుతున్నాయి. ట్యాంకరు గొట్టంలోంచి నీళ్ళు పలకల మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడే ఆ కూత వచ్చింది.

ఢేల్ ఆ గొంతును నమ్మింది. కూత వినబడితే నీళ్ళున్నట్టే. తిన్నగా కంచె మీదికి నడిచింది. ముళ్ళతీగ రొమ్ములో దిగినా ఆగలేదు, ఇంకా తోసింది.

"కాకా, ఏం చేశావు?" అంటూ మెహర్దీన్ పరుగెత్తాడు. ఇద్దరూ కలిసి తీగ వదిలించేసరికి ఢేల్ రొమ్ము నుంచి కాళ్ళ దాకా నెత్తురు కారింది.

సాంగారాం ఎవరినీ అడగలేదు. తాళం తీసి గేటు బార్లా తెరిచాడు. పలకల మధ్య రోడ్డు మీద ముందు తాను, వెనక మంద. ఒక పిల్ల ఒంటె మాత్రం పలక అద్దంలో తన మొహం చూసుకుంటూ నిలబడిపోయింది. పురోహిత్ జీపులో నెమ్మదిగా వెనకే వచ్చాడు, హారన్ కొట్టకుండా.

"ఒక్క పలక పగిలినా నా ఉద్యోగం పోతుంది సాంగాజీ."

"నాది పోయిందిగా సార్. ఆ పిల్లదాన్ని కాస్త అదిలించండి."

పురోహిత్ జీపు దిగి అదిలించాడు.

బావి దగ్గర సాంగారాం, మెహర్దీన్ చేతులు మండేదాకా తాడు లాగారు. తొట్టి నిండడం, ఖాళీ కావడం. ఢేల్ అందరికంటే ఆలస్యంగా తాగింది, చాలాసేపు తాగింది. సాంగారాం పచ్చి పసుపు నూరి నెయ్యితో కలిపి గాయానికి పట్టించాడు. పురోహిత్ జీపు దిగి దగ్గరికి వచ్చాడు.

"రేపు ఇవి మళ్ళీ వస్తాయా?" అని మాత్రం అడిగాడు.

"దాహమేసినప్పుడు వస్తాయి సార్. ఆ గేటు దగ్గరికే వస్తాయి."

"అక్కడ మీరుండరు."

"ఉండి మాత్రం మళ్ళీ ఏ నోటితో పిలవను?"

పురోహిత్ జీపెక్కాడు. జీపు వెనక్కి తిరిగింది. మెహర్దీన్ టీ తెస్తానని ఊళ్ళోకి వెళ్ళాడు. రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి బావి చుట్టూ నేల తడిగా ఉంది, మనిషి లేడు. మంద కంచె పక్కనే పడమటికి చుట్టుదారి పట్టింది. ఢేల్ పక్కన దాని నడకకు తగ్గట్టు కుంటుతూ సాంగారాం.

"కాకా, టీ చల్లారిపోతోంది."

వినబడే దూరమే. సాంగారాం వెనక్కి తిరగలేదు.