కారుకు కుట్టిన జాకెట్టు

మా ఆయనకు నా గురించి గొప్పలు చెప్పుకునే జబ్బు ఒకటుంది. నా ఎదురుగా ఒక్క మంచి మాట రాదు గానీ, బయట ఎవరు దొరికినా సరే, "మా ఆవిడ సూది పట్టిందంటే కుట్టలేనిది లేదు" అని కోసేస్తారు. చర్చిలో కోస్తారు, కూరగాయల కొట్లో కోస్తారు, ఇక్కడ బహ్రెయిన్‌లో తాను డ్రైవరుగా చేసే ఇంట్లో కూడా కోస్తారు. ఆ కోతలు ఒకరోజు నా మెడకే చుట్టుకున్నాయి. పాతికేళ్ళుగా జాకెట్లు కుడుతున్న నేను ఒక స్పోర్ట్స్ కారుకు పైకప్పు కుట్టాల్సి వచ్చింది.

ఆ ఇంటి పెద్దాయన ఉండేది అవాలిలో. చమురు కంపెనీలో చేసి రిటైరయ్యారు. డెబ్బై అయిదు దాటాయి. మేమంతా ఆయన్ని బాబా అంటాం. అరబ్బీ ఆయన మాతృభాషే అయినా, హిందీ మాత్రం నాకంటే, మా ఆయనకంటే శుభ్రంగా మాట్లాడతారు. కుర్రతనంలో మనసుపడి కొనుక్కున్న రెండు సీట్ల ఆకుపచ్చ కారు ఒకటి ఆయన షెడ్డులో ఉంది. దానికి రేకు కప్పు ఉండదు. నల్ల గుడ్డ కప్పు, కావాలంటే వెనక్కి మడిచేసుకోవచ్చు. ఆ గుడ్డ చిరిగి, చిరిగినచోటల్లా టేపు అంటించి, దెబ్బలు తగిలి ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిలా ఉండేది.

బాబా కొడుకు చెడ్డవాడు కాదు, కానీ తొందర మనిషి. "ఈ కప్పుతో ఈసారి బండి తనిఖీలో పాసవదు. పాసవకపోతే అమ్మేస్తాను. కొనేవాడు రెడీగా ఉన్నాడు, ఖలాస్" అనేశాడు. విదేశం నుంచి తెప్పించిన కొత్త కప్పు వేరే ఏడాది మోడలుది వచ్చింది. వెనకాల జానెడు చాలలేదు. సీట్లు కుట్టే షాపుల వాళ్ళు రెండు నెలలు పడుతుందన్నారు. తనిఖీకి ఉన్నది రెండు వారాలు. బాబా షెడ్డు మెట్టుమీద కూర్చుని నేలకేసి చూస్తున్నారట. అది చూడలేక మా ఆయన నోరు తెరిచారు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"బుద్ధుందా అండీ మీకు? నేను కుట్టేది జాకెట్లు. కారుకి చంకలుంటాయా, మెడుంటుందా?"

"ముందూ వెనకా ఉన్నాయి కదే. హుక్కులు కూడా ఉన్నాయి, రెండు."

ఇలాంటి మనిషితో ఏం పోట్లాడతాం? నవ్వొచ్చేసింది. నవ్వితే ఒప్పుకున్నట్టే అని ఆయన లెక్క.

శుక్రవారం చర్చి అవగానే, కట్టుకున్న పట్టుచీరతోనే అవాలి వెళ్ళాను. కారును చూడగానే నా కోపం ఎటు పోయిందో తెలీదు. అంత చిన్న కారు, అంత గుండ్రటి కళ్ళు. ముద్దొచ్చింది. బాబా, మా ఆయన కలిసి కప్పు తీసి, మళ్ళీ వేసి చూపించారు. తీయడం సులువుగానే ఉంది. వేయడమే పెద్ద తతంగం. చెరో మూల పట్టుకుని వేలాడి, మా ఆయన మోకాలు కూడా ఆనించి లాగితేగానీ ముందు అద్దం పైనున్న కొక్కేలు పడలేదు. పాపం పెద్దాయన, చేతుల్లో బలం తగ్గింది కాబోలు అనుకున్నాను. నా తెలివి అక్కడే తెల్లారింది.

కొలతల టేపు తీసి కొలవబోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో అర్థం కాలేదు. ఆ చట్రమంతా వంపులే. అప్పుడు నాకు అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది. "బాబా, పాతది విప్పి ఇచ్చేయండి. ఆదికి పెట్టుకుంటాను."

మావైపు ఆడవాళ్ళకు టేపు పెట్టించుకోవడం ఇష్టముండదు. సరిగ్గా నప్పిన జాకెట్టు ఒకటి తెచ్చి, దీని ప్రకారం కుట్టమ్మా అంటారు. అదే ఆది జాకెట్టు. నేను పని నేర్చుకున్నదే అలా. ఆది చేతిలో ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు. పాత కప్పును కుట్టు కుట్టూ ఊడదీసి, ముక్కలను ఇస్త్రీ బట్టల్లా పేర్చి, సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

నేను పనిచేసేది అద్లియాలో, కర్టెన్లు, యూనిఫారాలు కుట్టే షాపులో. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా షాపు మూసేస్తారు. ఆ మూడు గంటలూ దళసరి గుడ్డ కుట్టే పెద్ద మిషను వాడుకోమని యజమానురాలు తాళం ఇచ్చింది. పడవలకు కప్పే నల్ల కాన్వాసు కొన్నాం. నేలమీద పరిచి, పాత ముక్కలు దానిమీద పెట్టి, సుద్దతో గీసి, కత్తిరించాను. ఆ గుడ్డమీద కత్తెర కరకరలాడుతుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని జాకెట్లు కత్తిరించానో. ఒక్కటైనా చక్రాలమీద తిరిగిందా?

కత్తిరించేటప్పుడు ప్రతి కుట్టు దగ్గరా, ప్రతి అంచు దగ్గరా రెండేసి వేళ్ళ గుడ్డ లోపలికి వదిలాను. కావాలని వదల్లేదు. చెయ్యే వదిలింది. జాకెట్టులో లోపలి గుడ్డ వదలకుండా కత్తిరిస్తే మా ఊళ్ళో ఆ టైలరు మొహం ఎవరూ చూడరు. భోజనం తెచ్చిన మా ఆయన అది చూసి పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఎందుకే అంత గుడ్డ లోపల? కారేమైనా ఒళ్ళు చేస్తుందా? నెల తప్పుద్దా?"

"మీరు ముందు ఆ పప్పు ఒలక్కుండా పట్టుకోండి."

పది రోజుల్లో కప్పు తయారైంది. వెనక ప్లాస్టిక్ కిటికీతో సహా. తనిఖీకి రెండు రోజులుందనగా అవాలి తీసుకెళ్ళాం. వెనక అంచు బిగించాం. చట్రంమీద పరిచాం. ఆహా, నల్లగా నిగనిగలాడుతూ ఎంత బాగుందో! ముందుకు లాగాం. అద్దం పై చట్రానికి నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది.

మళ్ళీ లాగాం. మా ఆయన వేలాడారు. మోకాలు పెట్టారు. రెండో మోకాలు కూడా పెట్టారు. నాలుగు వేళ్ళు నాలుగు వేళ్ళలాగే ఉన్నాయి. బాబా కొడుకు లోపల్నుంచి వచ్చి, చూసి, జేబులోంచి ఫోను తీశాడు. ఆ కొనేవాడికే చేస్తాడని అందరికీ తెలుసు.

అప్పుడు బాబా మెల్లగా అన్నారు. "పాతది కూడా ఇంతే, కాకపోతే లాగితే కాస్త సాగేది. కొత్తలో ఒంటి చేత్తో వేసేవాణ్ణి. ఏటేటా ఎండకి కొంచెం కొంచెం కుంచించుకుపోతూ వచ్చింది."

"ఆ ముక్క మొదటే చెప్పొచ్చు కదా బాబా!"

"నువ్వు అడగలేదు కదా బేటీ."

నా తలమీద నేనే మొట్టుకున్నాను. ముగ్గురు పిల్లల తల్లులు తమ పెళ్ళినాటి జాకెట్టు ఆదికి తెస్తే, "ఇది మీకు ఎప్పటి మాటండీ?" అని మొహం మీదే నవ్వేదాన్ని. అలాంటిది నలభై ఏళ్ళు ఎండకు మాడిన గుడ్డ చెప్పిన మాట మాత్రం అక్షరాలా నమ్మాను. కారు కదా, అబద్ధమాడదనుకున్నాను.

ఇక విప్పేద్దామని కప్పు ఎత్తాను. సరిగ్గా అప్పుడే నా చేతికి లోపలి అంచు తగిలింది. రెండు వేళ్ళ గుడ్డ. ముందు అంచులో రెండు, వెనక అంచులో రెండు, నడిమి అడ్డకుట్టులో రెండూ రెండూ నాలుగు. ఎనిమిది వేళ్ళు!

"ఏవండీ! లోపల గుడ్డుంది! గుడ్డుందండీ!" అని షెడ్డు ఎగిరిపోయేలా అరిచాను. బాబాకు తెలుగు రాదు, అయినా ఆయనా చప్పట్లు కొట్టారు. ఫోను చెవిదాకా తీసుకెళ్ళిన కొడుకు, అరుపుకి బెదిరి దించేశాడు. "ఒక్క రోజు" అని వేలు చూపించాను. ఒప్పుకున్నట్టు తలూపాడు.

మర్నాడు మధ్యాహ్నం కుట్లు ఊడదీసి, ఒక్కో వేలు చొప్పున వదిలాను. నాలుగు వేళ్ళూ వచ్చాయి. కానీ జాకెట్టులో పాత కుట్టు జాడ రెండు ఉతుకుల్లో పోతుంది, కాన్వాసులో సూది చేసిన చిల్లు చిల్లులాగే ఉంటుంది. అంచులవి చట్రం కింద దాక్కున్నాయి. నడిమి కుట్టు మాత్రం నడినెత్తిన ఉంది. వానొస్తే బాబా తలమీదే ధార. దానిమీద ఏదో ఒక పట్టీ వేయాలి. కాన్వాసు ముక్కలు చాలలేదు. షాపంతా వెతికితే దొరికింది ఒక్కటే, చర్చి పాటల బృందానికి గౌన్లు కుట్టగా మిగిలిన కుంకుమరంగు పైపింగు. నీళ్ళకు తట్టుకునే రకమే. దేవుడా నువ్వే దిక్కు అనుకుని వేసేశాను. కింద నీళ్ళు చొరకుండా జిగురు పూశాను. నల్ల కప్పుకు అడ్డంగా కుంకుమరంగు గీత. పాపిట్లో బొట్టు పెట్టినట్టే ఉంది.

ఆ సాయంత్రమే మళ్ళీ బిగించాం. ముందుకు లాగాను. నేనొక్కదాన్నే, ఒంటి చేత్తో. టక్కుమని ఒక కొక్కెం, టక్కుమని రెండోది. ఆ చప్పుడు విని నేను చిన్నపిల్లలా గంతేశాను. పట్టుచీర కట్టుకుని లేను కాబట్టి సరిపోయింది.

నీళ్ళ పరీక్ష పెడదామన్నారు బాబా. ఆయనా నేనూ లోపల కూర్చున్నాం. మా ఆయన గొట్టం పట్టుకుని పైనుంచి నీళ్ళు కొట్టారు. లోపల టపటపమని ఒకటే మోత. మేమిద్దరం నెత్తి పైకెత్తి, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. కొడుక్కి నమ్మకం కుదరలేదు. మా ఆయన చేతిలోంచి గొట్టం లాక్కుని, సరిగ్గా ఆ కుంకుమరంగు పట్టీమీదే కసిగా కొట్టాడు. ఒక్క చుక్క రాలేదు. బాబా కిటికీ అద్దంలోంచి కొడుక్కి నాలుక చాపి వెక్కిరించారు. డెబ్బై అయిదేళ్ళ మనిషి! నాకు నవ్వాగక కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ కారులో తడి అంటే అదొక్కటే.

మర్నాడు తనిఖీకి నన్ను కూడా రమ్మన్నారు. మా ఆయన, కొడుకు పెద్ద కారులో వెనకాల వచ్చారు. బ్రేకులు చూశారు, లైట్లు చూశారు, కప్పు లాగి చూశారు. తనిఖీ చేసే ఆయన ఒకే ఒక ప్రశ్న వేశాడు, ఈ ఎర్ర గీత కంపెనీ వాళ్ళు పెట్టిందేనా అని. "స్పెషల్" అన్నారు బాబా, గంభీరంగా. పాసైంది. బాబా కొడుకువైపు తిరిగి, "యల్లా, ఊఁ కానియ్, కొనేవాడికి ఫోన్ చెయ్యి. అమ్మడం లేదని నా ముందే చెప్పు" అన్నారు. అతను నవ్వుతూనే చేశాడు.

తర్వాత బాబా ఏం చేశారో తెలుసా? కొక్కేలు విప్పి, నా కప్పును మడిచి వెనక్కి పడేశారు.

"అదేంటి బాబా! వేళ్ళు పుండ్లు పడేలా కుట్టింది తీసేయడానికా?"

"తీస్తే మళ్ళీ ఒక్కణ్ణీ వేసుకోలేనని మూడేళ్ళుగా రోడ్డుమీద తీయలేదు బేటీ. ఇప్పుడు వేసుకోగలను. అందుకే తీశాను" అన్నారు.

చున్నీ తలకు గట్టిగా చుట్టుకుని కూర్చున్నాను. బండి అమ్వాజ్ దీవుల వైపు పరుగెత్తింది. చలికాలం ఎండ, మొహంనిండా సముద్రపు గాలి, నెత్తిన అడ్డం లేని ఆకాశం. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో బస్సు కిటికీల్లోంచే ఆకాశం చూశాను. మా ఆయన వెనకనుంచి హారన్ కొట్టి కొట్టి, ఆఖరికి ఫోన్ చేశారు. "ఎటెళ్తున్నారే?" అని అరుపు. "నాకేం తెలుసండీ, ఎనకాలే రండి!" అని నేను అంతకంటే గట్టిగా అరిచాను. పక్క కార్లవాళ్ళు చూస్తున్నారు. చూడనీ.

సముద్రం ఒడ్డున ఆపి బాబా ఒంటి చేత్తో కప్పు వేశారు. టక్, టక్. మళ్ళీ తీశారు. మళ్ళీ వేశారు. అలా ఎన్నిసార్లు చేశారో. మా ఆయన కారు దిగొచ్చి, కాసేపు చూసి, నా పక్కకు జరిగి గొంతు తగ్గించారు.

"అన్నిసార్లు తీసి ఏస్తే ఆ కుట్టు ఆగుద్దంటావా?"

"ఊడితే ఊడనీండి. లోపలింకా వేలెడు గుడ్డుంది" అన్నాను.