రజిని దాచిన షీట్లు

రజినికి కుడి చెవి తమ్మె లేదు. కమ్మతో సహా మొగుడు లాగేశాడు. చెవికి కొంగు అదుముకుని ప్రొద్దుటూరులో మా ఆశ్రయానికి వచ్చిన రోజు గేటు తీసింది నేనే. మొగుళ్ల దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడవాళ్లకు నేనిక్కడ కుట్టుపని నేర్పుతాను. ఆమెకూ నేర్పబోయాను. రవిక చేతులు తిరగేసి కుట్టి, "దీనికన్నా మొగుని దెబ్బలే మేలక్కా" అని నవ్వింది. వాళ్ల నాయన దేవపాలు జమ్మలమడుగు మిషన్ బడిలో లెక్కల అయ్యవారు. ఆ తెలివి కుట్టుమిషన్ మీద పనికిరాలేదు గానీ కంప్యూటర్ మీద పనికొచ్చింది. ఏడాది తిరిగేసరికి మా ఆఫీసు పనంతా ఆమె చేతికొచ్చింది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో మా ఆశ్రయానికి మూడు ఇళ్లున్నాయి. ఏ ఊరి మనిషిని ఆ ఊళ్లో ఉంచం, మొగుడికి దొరకని చోటికి పంపుతాం. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉండేది, ఊరికొక షీటు. పనిచేసేవాళ్లంతా అన్నీ చూసేవాళ్లు. అదే కొంప ముంచింది. జమ్మలమడుగు ఇంట్లో పనిచేసే ఒకామె, తన ఊరి నుంచే పారిపోయి వచ్చిన వైష్ణవి పేరు పులివెందుల షీట్లో చూసి, "పాపం, మొగుడు ఏడుస్తాండాడు" అని వైష్ణవి అత్తకు చెప్పింది. ఆ ఏడ్చే మొగుడు మర్నాడే కొడవలితో పులివెందులలో దిగి వైష్ణవి మెడ నరికాడు. కూరగాయల సంచి చేతిలో ఉండగానే ప్రాణం పోయింది. మనవాళ్ల జాలి ఎప్పుడూ మొగుడి వైపే. ఆ జాలికి నిప్పు పెట్టాలి.

రజిని అన్నం ముట్టకుండా కూర్చుని మ్యాక్రోలు రాసింది. ఫైలు తెరవగానే దానంతటదే నడిచే ప్రోగ్రాం అది. పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎవరి ఇంటి షీటు వాళ్లకే కనిపిస్తుంది. మిగతావి ఉన్నాయన్న ఆనవాలు కూడా ఉండదు. మ్యాక్రోలు ఆపి తెరిస్తే ఖాళీ షీటొకటి వెక్కిరిస్తుంది.

"నీకు మాత్రం అన్నీ తెరుచుకుంటాయి గదమ్మే. కత్తి నీ మెడ మీదికే వస్తాది" అన్నాను.

"నాది గూడా తీసేసినా అక్కా. ప్రోగ్రాంకు తాళం మన కేసులు జూసే కడప లాయరమ్మతో ఏయించినా, ఆ పాస్‌వర్డ్ ఆమెకే తెల్సు. ఇప్పుడు నాకు గూడా ప్రొద్దుటూరు షీటే."

తర్వాత అర్చన వచ్చింది. బట్టల అంగడి గురుమూర్తి కోడలు. చేతుల నిండా ఇస్త్రీపెట్టె వాతలు. రెండో రోజుకే ఆమెను వేరే ఊరు పంపేశారు, ఏ ఊరో నాకు తెలియదు. ఆ వారంలోనే మిట్టమధ్యాహ్నం ఆమె మొగుడు సాయినాథ్ ఊడిపడ్డాడు, వెంట కంప్యూటర్ తెలిసిన స్నేహితుడొకడు. నేనూ రజినీ ఉన్న ఆఫీసు గదిలోకొచ్చి తలుపు గడియ పెట్టి నన్ను కడుపులో తన్నాడు. కుట్టుమిషన్ మీదికి పడి, లేవలేక అక్కడే ఉండిపోయాను.

"యాడ దాచినావే నా పెండ్లాన్ని?"

"నాకు తెల్దప్పా" అంది రజిని.

నా ఇనుప స్కేలు తీసి ఆమె మొహం మీద కొట్టాడు. స్నేహితుడు ఫైలు తెరిచాడు, ఖాళీ షీటు. రజినితో పాస్‌వర్డ్ చెప్పించుకుని మళ్లీ తెరిచాడు. ప్రొద్దుటూరు షీటొక్కటే వచ్చింది. అందులో అర్చన లేదు.

"ఈమెకు ఇంతే కనపడ్తాదన్నా."

"ఫైలు చేసింది ఇదేనంట, దీనికి తెల్కుండా ఎట్లుంటాది?"

సాయినాథ్ ఆమె కుడిచేతిని టేబుల్ సొరుగులో పెట్టి, సొరుగును కాలితో తన్నాడు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మళ్లీ తన్నాడు.

"తెలిస్తే చెప్పేయమ్మే, చంపేస్తాడు!" అని అరిచాను.

"తెల్దక్కా." నోటి నిండా రక్తం.

స్నేహితుడు అర్చన పేరు కొట్టి వెతికాడు, ఆమె వెంట వచ్చిన కూతురి పేరు కొట్టి వెతికాడు. మీకు అనుమతి లేదని చెప్పి ఫైలు తనంతట తనే మూసుకుంది. "మిషనే చెప్తాండాది గదన్నా, ఈమెకు తెల్దు" అన్నాడు. అప్పుడు ఆగాడు సాయినాథ్. నెత్తురు కక్కుతూ మనిషి చెప్తే నమ్మనివాడు పెట్టె చెబితే నమ్మాడు. థూ, వాడి బతుకు!

ఊరికే పోతాడా? పోతూ ఆమె పక్కటెముకల్లో ఇంకో తన్ను తన్నాడు. నా చేతికి బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర అందింది. పాకుతూ వెళ్లి వాడి పిక్కలో పిడిదాకా దించాను. అంత మందపాటి గుడ్డ నేనెప్పుడూ కత్తిరించలేదు. అరుస్తూ, కుంటుతూ వీధిలోకి పరుగెత్తి జనానికి దొరికాడు.

ఆసుపత్రిలో రజిని చేతికి కట్టు, నాలుకకు కుట్లు. జావ చెంచాతో పోస్తూ, "నీకు తెల్కుండా చేసుకోని మంచి పని చేసినావు. తెల్సింటే ఆ దెబ్బలకు చెప్పేసిండేదానివి" అన్నాను.

దగ్గరికి రమ్మని కళ్లతో పిలిచింది.

"అర్చనను బస్సెక్కించింది నేనే గదక్కా. తెల్సు." ఒక్కో మాటా నొప్పితో వచ్చింది. "నాలిక తెగింది వాని దెబ్బకు గాదు. ఊరి పేరు బయటికొస్తాందని నేనే కొరుక్కున్యా."

నాకు దుఃఖం ఆగలేదు. ఏ ఊరని మాత్రం అడగలేదు.