మాస్టారు తాగని మజ్జిగ

పాత కంచు వాసన అందరికీ తెలియదు. మొన్న ఒక దుకాణంలో అద్దాల బీరువా తెరవగానే ఆ చల్లటి, పుల్లటి వాసన ముక్కుకు తగిలి, డెబ్బై దాటిన నేను చిన్నపిల్లలా కళ్లు తుడుచుకుంటుంటే, షాపతను పాపం ధర విని ఏడుస్తున్నాననుకున్నాడు.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. మాఘం దాటితే కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఘాటుకు ఊరు ఊరంతా తుమ్మేది. నా అయిదో ఏట అమ్మ పోయింది. అప్పటినుంచి నాన్నకు పాత వస్తువుల పిచ్చి పట్టింది. కంచు బొమ్మలు, దంతపు దువ్వెనలు, రంగులద్దిన గుడ్డలు, ఏవి దొరికితే అవి. ఇల్లు నిండింది గాని మాట్లాడే మనిషి లేడు. ఆడుకుందామని వచ్చిన పిల్లల్ని కూడా, ఏదైనా పగలగొడతారని, నాన్న గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

ఆ ఇంట్లో నన్ను పలకరించే ఒకే ఒక్క మనిషి సుబ్బరామయ్య మాస్టారు. బళ్లో డ్రాయింగు చెప్పి రిటైరైన ముసలాయన. నాకూ బొమ్మలు వేయడం నేర్పేవారు. నాన్న ఏ వస్తువు కొనాలన్నా ముందు ఆయన చూడాలి. భూతద్దం నా చేతికిచ్చి, "ముందు బొమ్మ అడుగు చూడమ్మా, మొహానికి అందరూ మెరుగు పెడతారు" అనేవారు. అమ్మేవాళ్ల దగ్గర పైసా పుచ్చుకోరు సరికదా, తన మాట చెప్పేదాకా వాళ్లింట మంచినీళ్లైనా ముట్టరు. "ఉప్పు తిన్నాక నాలుక మొహమాటపడుద్దండి" అనేవారు. ఆ పట్టింపు నాన్నకు ఎంత గొప్పగా తోచిందంటే, వెంట వెళ్లే నాకూ అదే నియమం పెట్టాడు.

ఒక వైశాఖంలో ముగ్గురం చీరాల వెళ్లాం. బస్సు దిగి, మాడు పగిలే ఎండలో, మగ్గాల చప్పుళ్ల మధ్య సందులన్నీ దాటి ఒక నేతవారి ఇంటికి చేరేసరికి నా నాలుక పిడచకట్టుకుపోయింది. భర్త పోయిన ఆ ఇంటావిడ తాతలనాటి కంచు కృష్ణుణ్ణి అమ్మకానికి పెట్టింది. బల్ల మీద మూడు గ్లాసుల మజ్జిగ ఉంచి లోపలికి వెళ్లింది. నాన్న వీధరుగు మీద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాస్టారు బొమ్మను బోర్లించి చూస్తున్నారు. అల్లం, కరివేపాకు వేసిన చల్లటి మజ్జిగ. ఒక గ్లాసు గుటగుటా తాగేశాను.

"అసలైందేనండి, వదలకండి" అన్నారు మాస్టారు, నాన్న లోపలికి రాగానే. నాన్న చూపు ఖాళీ గ్లాసు మీద పడింది.

"ఎవరు తాగారిది?"

నాన్న చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు. "మాస్టారు" అన్నాను.

ఆయన నావంక చూశారు. కోపంగా కాదు. భూతద్దం తుడిచి జేబులో పెట్టుకుని, "ఎండగా ఉందండి" అన్నారు. అంతే.

నాన్న బొమ్మ కొనలేదు. తిరుగు బస్సులో మాస్టారు వెనక సీట్లో ఒక్కరే కూర్చున్నారు. ఇంటికొచ్చాక నాన్న, "వాళ్ల మజ్జిగ తాగినోడి మాట ఎట్టా నమ్మేది?" అన్నాడు. మళ్లీ ఆయనకు కబురు పెట్టలేదు.

ఆ తర్వాత బేరగాళ్లు చెప్పిందే వేదమైంది. పాతగా కనబడేలా చింతపండు పులుసు, పొగ పట్టించిన కొత్త బొమ్మలు తాతలనాటివై ఇంట్లో చేరాయి. నేను వాటిని తిరగేసి చూసేదాన్ని. కొత్తవని తెలిసేది. నోరు విప్పితే అన్నీ చెప్పాల్సి వస్తుందని ఊరుకునేదాన్ని. ఎన్ని సాయంత్రాలు ఆయన చెప్పుల చప్పుడు కోసం గుమ్మంలో కూర్చున్నానో నాకే తెలుసు.

పెద్దదాన్నయ్యాక ఒకసారి బజారులో ఎదురయ్యారు. "బొమ్మలేస్తున్నావా అమ్మా?" అని అడిగారు. తలూపాను. ఆయన నవ్వి వెళ్లిపోయారు.

ఇప్పుడా కల్లాల చోట కోల్డ్ స్టోరేజీలు లేచాయి. ముందు మాస్టారు పోయారు, తర్వాత నాన్న. బొమ్మలన్నీ పాత సామానుల వాడికి తూకానికి వేశాం. నాన్నా, మజ్జిగ తాగింది నేను. ఈ నాలుగు మాటలు చెప్పడానికి నాకు ఇంతకాలం పట్టింది. వినవలసిన వాళ్లిద్దరూ లేరు.