పదిహేడో తారీఖు గ్లిచ్

కోదాడ దగ్గరి అనంతగిరిలో గొర్లు మేపే బీరప్ప కూతురు కళ్యాణి పల్సర్ల మీద పరిశోధన చేసింది. పేలిపోయిన పెద్ద నక్షత్రంలో మిగిలిన నడిమి ముద్దే పల్సర్. అది గిరగిర తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ ఒక రేడియో సంకేతం మన వైపు పంపుతుంది. ఆ తిరుగుడు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా మందగిస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం ఉన్నట్టుండి జోరందుకుంటుంది. దాన్ని గ్లిచ్ అంటారు. ఎప్పుడొస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

నాలుగేళ్లు ఒకే పల్సర్‌ను కనిపెట్టుకుని ఉన్న కళ్యాణికి ఒక ఆగస్టు పదిహేడున అది దొరికింది. సంకేతాలు లెక్కకన్నా ముందే వచ్చేస్తున్నాయి. గైడ్ నమ్మలేదు. టెలిస్కోపు గడియారంలోనే తప్పుంటుందన్నాడు. అదే రోజు చూసిన మరో మూడు పల్సర్ల సంకేతాలు సరిగ్గా వేళకే వచ్చాయని ఆమె చూపించింది. గడియారం తప్పయితే అవీ తప్పాలి కదా. ఆయన కాగితాలు పక్కకు జరిపాడు. ఇంత చిన్న మార్పు ప్రకటించి పరువు పోగొట్టుకోలేనన్నాడు. ఆ అధ్యాయం తీసేస్తేనే థీసిస్ మీద సంతకం పెడతానన్నాడు.

తీసేసింది.

డాక్టరేట్ వచ్చింది. కొత్తగా ఏమీ కనిపెట్టని ఆ థీసిస్‌ను ఇంటర్వ్యూల్లో తిరగేసి పక్కన పెట్టారు. చివరికి కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో చేరింది, రోజూ ఊరి నుంచి బస్సులో వెళ్లొస్తూ.

రెండేళ్ల తర్వాత స్టాఫ్‌రూమ్‌లో ఫోన్ చూస్తుంటే ఒక విదేశీ బృందం రాసిన పేపర్ కంటబడింది. అదే పల్సర్. అదే ఆగస్టు పదిహేడు. పాత రికార్డులు వెతుకుతుంటే వాళ్లకు దొరికిందట. కళ్యాణి గైడ్‌కు ఫోన్ చేసింది.

"అప్పుడు మనకు ఖచ్చితంగా తెలియదు కదమ్మా," అన్నాడాయన.

"మీకు తెలియదు సార్. నాకు తెలుసు."

సాయంత్రం, కోత అయిన పొలంలో గొర్లను మళ్లేస్తున్న తండ్రికి సంగతంతా చెప్పింది.

"మరి గప్పుడే నలుగురికి ఎందుకు చెప్పలే బిడ్డా?"

"సంతకం కోసం నాయనా."

బీరప్ప కర్ర చంకలో పెట్టుకుని మంద వెంట నడిచాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఆ వారంలోనే తన లెక్కలన్నీ ఆ బృందానికి పంపింది. తమ ఫలితంతో అవి సరిపోయాయని, సంతోషమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. పైన 'మిస్టర్ కళ్యాణి' అని రాశారు.